నీళ్లు తాగని మీటింగు

మా ఆరోగ్య కేంద్రంలో ఆడవాళ్లకు దప్పిక తక్కువని మూడేళ్లు నమ్మిన మనిషిని నేను. దారినపోయేవాడు నమ్మాడంటే సరేననుకోవచ్చు. నేను కాంపౌండరుని. ఒంట్లో నీళ్లు తగ్గితే మనిషి ఏమవుతాడో నాకు చదువు చెప్పి, పరీక్ష పెట్టి, పాసయ్యాకే ఉద్యోగమిచ్చారు. అయినా నమ్మాను. ప్రతి నెలా ఐదో తేదీన మా దగ్గర మీటింగు జరిగేది. నా గది గుమ్మం పక్కన పెద్ద కుండ నిండా నీళ్లు పెట్టించేవాణ్ణి. మగ ఉద్యోగులు మధ్యాహ్నానికల్లా దాన్ని ఖాళీ చేసేవాళ్లు. పదకొండు పల్లెల నుంచి వచ్చిన పదకొండు మంది నర్సమ్మల్లో ఒక్కరూ గ్లాసు ముట్టేవాళ్లు కాదు. ఏప్రిల్లోనూ అంతే, మేలోనూ అంతే. ఎండకు అలవాటుపడ్డ ఒళ్లు, ఈ సీమ ఆడవాళ్లంతే అనుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఊరి పేరు రాయను. అక్కడివాళ్లు ఇంకా నాతో మాట్లాడుతున్నారు. గుంతకల్లుకూ వజ్రకరూరుకూ మధ్య ఎక్కడో అనుకోండి. వాన పడితే జనం పనులు మానుకుని ఎర్ర చేలల్లో వజ్రాలు వెతుకుతారు. వాన పడని ఏడు నీళ్లు వెతుకుతారు. వజ్రాలు దొరికినవాళ్లను నేను చూడలేదు.

1974లో మా దగ్గరికి లక్ష్మీనరసమ్మ హెల్త్ విజిటరుగా వచ్చింది. అంటే ఆ పదకొండు మంది నర్సమ్మలకూ పై ఉద్యోగి. ధర్మవరంలో మగ్గాల ఇంటి ఆడపిల్ల. మగ్గం గుంటలో కూర్చున్న వాళ్ల నాయన నేతగాడు. తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా పట్టునూలు కండెలకు చుట్టే వాళ్లమ్మ సంగతి ఎవరైనా అడిగితే, "ఇంట్లో ఊరికే ఉంటాది" అని జవాబు. ఈ మాట చెప్పినప్పుడల్లా లక్ష్మీనరసమ్మ ముక్కుపుటాలు అదిరేవి. సన్నటి మనిషి, గొంతు మాత్రం బస్సు కండక్టరుది. పెళ్లి సంగతి అడిగినవాళ్లకు "తీరిక లేదప్పా" అని చెప్పి పని చూసుకునేది.

మొదటి మీటింగులోనే తగువు పెట్టుకుంది. మా దగ్గర మగవాళ్లకు కుర్చీలు, నర్సమ్మలకు గోడవారన జంపఖానా. పురుగుమందు కొట్టే మలేరియా కూలీకి కూడా కుర్చీ ఉంది. రాత్రనక పగలనక కాన్పులు చేసే మనిషికి మాత్రం నేల. లక్ష్మీనరసమ్మ పై ఉద్యోగి కాబట్టి ఆమెకొక కుర్చీ వేశారు. ఆమె దాని వంక చూసి, నేరుగా పోయి జంపఖానా మీద కూర్చుంది. డాక్టరుగారు తెల్లబోయారు. ఆయనది కోస్తా జిల్లా, మర్యాదస్తుడు, ఎవరితోనూ గొడవ పడని మనిషి. గొడవ పడనివాళ్ల వల్ల ఎంత చెడు జరుగుతుందో నేను ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

"మీకు కుర్చీ వేశారు కదమ్మా" అన్నాడాయన.

"మావాళ్లకి కూడా వేసినాక కూర్చుంటా సార్."

మూడు నెలలకు బెంచీలొచ్చాయి. కానీ ఆ మొదటి రోజే ఆమె కంట్లో పడిన అసలు సంగతి వేరే ఉంది. పన్నెండు గంటలకు లేచి నిలబడి, ఇరవై మంది మగవాళ్ల ముందు అడిగింది.

"సార్, ఈడ ఆడోళ్లు దొడ్డికి యాడికి పోవల్ల?"

ఒకడు దగ్గాడు. ఇంకొకడు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నర్సమ్మలు తలలు వంచుకున్నారు. నాకు ఆ ప్రశ్న వినగానే కోపం వచ్చింది, ఇదేం ఆడమనిషి, సిగ్గులేకుండా అని. ప్రశ్న అడిగినామె మీద వచ్చింది కానీ జవాబు లేనివాళ్ల మీద రాలేదు.

మా కేంద్రానికి మరుగుదొడ్డి ఒకటే. వెనక పెరట్లో రాతిగోడలు, రేకు తలుపు, దానికి తాళం. డాక్టరుగారి కోసం కట్టించారు. తాళంచెవి హెడ్ క్లర్కు తిమ్మప్ప సొరుగులో ఉండేది. తిమ్మప్ప ఆ ఊరి పెద్దరైతుల ఇంటివాడు. ఉద్యోగం ప్రభుత్వానిదైనా పెత్తనం సొంతంది. మగవాళ్లకు ఏ బాధా లేదు, ప్రహరీ వెనక్కు పోయి గోడకు తిరిగి నిలబడితే సరి. ఊరి ఆడవాళ్లు కోడి కూయకముందే కంపచెట్ల చాటుకు పోయివచ్చేవాళ్లు. మీటింగు రోజు పట్టపగలు అదే కంపచెట్ల దగ్గర మా మగవాళ్లు బీడీలు తాగుతూ నిలబడితే నర్సమ్మలు ఎటు పోతారు? అందుకని వాళ్లొక పద్ధతి కనిపెట్టుకున్నారు. నాలుగో తేదీ సాయంత్రం నుంచే నీళ్లు మానేయడం. కొత్తగా చేరిన నర్సమ్మకు పాత నర్సమ్మలు సూది వేయడం కన్నా ముందు ఇది నేర్పేవాళ్లు. అదీ నేను మూడేళ్లు చూసిన దప్పిక లేకపోవడం.

తిమ్మప్ప తాపీగా చెప్పాడు. "అది డాక్టరుగారిదమ్మా. అందరూ పోతే గబ్బు పడ్తాది. తెలిసినోళ్ల ఇంటికి పోండి."

ఆ ఊళ్లో ఏ ఇంటికీ దొడ్డి లేదు. తిమ్మప్ప ఇంటికీ లేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అంటారే, అది.

డాక్టరుగారు రాసివ్వమన్నారు. లక్ష్మీనరసమ్మ రాసిచ్చింది. జవాబు లేదు. మళ్లీ రాసింది. మూడో అర్జీ మీద ఆయన "తాళంచెవి ఇవ్వవచ్చును" అని రాసి సంతకం చేశారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వాలి కదా. తర్వాతి మీటింగులో ఒక నర్సమ్మ ధైర్యం చేసి తిమ్మప్ప బల్ల దగ్గరకు పోయింది. అతను తాళంచెవి తీసి అందరికీ కనబడేటట్టు ఎత్తి పట్టుకుని, "ఎవరికమ్మా అంత అర్జెంటు? నీకేనా?" అన్నాడు. గది మొత్తం నవ్వింది. ఆ పిల్ల వెనక్కి తిరిగి వచ్చి కూర్చుంది. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. ఆ రోజు నేనూ నవ్వానో లేదో గుర్తు లేదు. నవ్వే ఉంటాను.

ఇక సుబ్బరత్నమ్మ సంగతి. అందరికన్నా దూరపు పల్లెలో పనిచేసే నర్సమ్మ ఆమె. మొగుడు గుంతకల్లు రైల్వేలో కూలీ. పెళ్లయి ఎనిమిదేళ్లు, రెండుసార్లు కడుపు నిలవలేదు. ఊరందరి బిడ్డలకూ బొడ్డు కోసిన చేతుల్లో సొంత బిడ్డ లేదు. 1976లో మూడోసారి నిలిచి ఏడో నెల వచ్చింది. లక్ష్మీనరసమ్మ వారం వారం ఆ పల్లెకు పోయి చూసి వచ్చేది. "అక్కా, ఈ బిడ్డ దక్కితే చాలు, నాకింకేం వద్దు" అని సుబ్బరత్నమ్మ అనేదట.

మార్చి నెలాఖరులో సుబ్బరత్నమ్మ నా దగ్గరికి వచ్చింది. ఒంటికి పోయేటప్పుడు మంట అని చాలాసేపు నసిగి చెప్పింది. మందు కలిపి సీసాలో పోసి ఇస్తూ, "నీళ్లు బాగా తాగమ్మా, కడుపుతో ఉన్నప్పుడు ఇది ముదిరితే బిడ్డకు ప్రమాదం" అని చెప్పాను. ఆమె నా మొహంలోకి ఒక్క క్షణం చూసి తలాడించింది. అప్పటికి నాకు అన్నీ తెలుసు. లక్ష్మీనరసమ్మ ప్రశ్న విని రెండేళ్లయింది. అయినా ఆ మాట ఎంత సులువుగా అనేశానో. ఎద్దు పుండు కాకికి నొప్పా?

అవి ఎమర్జెన్సీ రోజులు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు పై నుంచి లక్ష్యాలు వచ్చిపడేవి. ఎవరు ఎంతమందిని తెచ్చారో నిలబెట్టి అడిగేవాళ్లు. పొద్దున పదింటికి మొదలైన మీటింగు సాయంత్రం దాకా సాగేది. ఏప్రిల్ ఐదుకు సుబ్బరత్నమ్మను రాకుండా వదిలేయమని లక్ష్మీనరసమ్మ ముందే అడిగింది. "ఒకరిని వదిలితే అందరూ అడుగుతారమ్మా. పై ఆర్డరు, నా చేతుల్లో లేదు" అన్నారు డాక్టరుగారు. ఆయన చేతుల్లో ఏదైనా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

సుబ్బరత్నమ్మ మూడు మైళ్లు నడిచి బస్సెక్కి వచ్చింది. ముందు రోజు సాయంత్రం నుంచి పద్ధతి ప్రకారం చుక్క నీళ్లు ముట్టలేదు. ఒంటిగంటకు బెంచీ మీద వణకడం మొదలుపెట్టింది. బయట బండలు పేలే ఎండ, ఈమెకు చలి. లక్ష్మీనరసమ్మ నుదురు పట్టుకుని చూసింది, ఒళ్లు కాలిపోతోంది. నడుము పట్టుకుని, "బయటికి పోవల్లక్కా, ఆపుకోలేకుండా ఉండా" అని సుబ్బరత్నమ్మ ఏడ్చింది.

తిమ్మప్ప భోజనానికి ఇంటికి పోయాడు. సొరుగుకు తాళం వేసుకుని పోయాడు. డాక్టరుగారు "కొంచెం ఆగండి, కబురు పంపిద్దాం" అన్నారు. లక్ష్మీనరసమ్మ ఆయన్ను పట్టించుకోలేదు. నా గదిలోకి వచ్చింది.

"అన్నా, మందులు దంచే ఆ ఇనుప గూటం ఇయ్యి."

ఇచ్చాను. నా జన్మలో చేసిన ఒక్క మంచిపని అదేనేమో, అదీ ఎందుకు అని అడగడానికి నోరు రాక ఇచ్చాను. మూడు దెబ్బలకు తాళం ఊడింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చారు. సుబ్బరత్నమ్మ తర్వాత మిగిలిన పదిమందీ ఒకరి వెనక ఒకరు వరుసలో నిలబడ్డారు. అందులో ఇద్దరు ఏడుస్తున్నారు. కిటికీలోంచి చూస్తున్న మగవాళ్లెవరూ ఈసారి నవ్వలేదు.

అప్పటికే ఆలస్యమైంది. సాయంత్రానికి నొప్పులొచ్చాయి. కాన్పు మా కేంద్రంలోనే, లక్ష్మీనరసమ్మ చేతుల మీదే జరిగింది. మరునాడు పొద్దున ఆడపిల్ల పుట్టింది, నా అరచేయంత. దూదిలో చుట్టి, వేడినీళ్ల సీసాలు అటూ ఇటూ పెట్టి చూశారు. మధ్యాహ్నం దాకా ఊపిరి పీల్చింది.

ఆ పిల్ల ఇంకా బతికి ఉండగానే తిమ్మప్ప ఫిర్యాదు రాయడం ముగించాడు. ప్రభుత్వ ఆస్తి ధ్వంసం, మీటింగుకు భంగం. పోయిన ప్రాణానికి కాగితం లేదు, ఊడిన తాళానికి రెండు పేజీలు!

విచారణకు అనంతపురం నుంచి ఒక అధికారి వచ్చాడు. నన్ను పిలిచి, గూటం నువ్విచ్చావా అని అడిగాడు. "నేను అప్పుడు గదిలో లేను సార్" అన్నాను. ఇద్దరు పిల్లలు, బదిలీ భయం, ఎమర్జెన్సీ అని సాకులు ఎన్నైనా చెప్పగలను. లక్ష్మీనరసమ్మ అక్కడే నిలబడి ఉంది. నా వైపు చూడకుండానే, "నేనే తీసుకున్నా సార్, ఎవరూ ఇయ్యలేదు" అంది.

అధికారికి ఒక అనుమానం వచ్చింది. "ఇంతమంది నీళ్లు తాగలేదంటున్నారు. ఆఫీసులో నీళ్లు లేవా?"

"కుండ నిండా ఉండాయి సార్. ఈ జిల్లాలో నీళ్లు లేక చచ్చిన గొడ్లను చూసినాము, మనుషుల్ని చూసినాము. నీళ్లు పక్కనే పెట్టుకోని, తాగితే యాడికి పోవల్ల అని తాగకుండా బిడ్డను పోగొట్టుకున్న మనిషిని ఇప్పుడే చూస్తాండాము. మీరు రాసుకునేటట్టుంటే ఇది రాసుకోండి."

అతను రాసుకోలేదు. తాళం మేమందరం కలిసి పగలగొట్టినామని పదకొండు మంది నర్సమ్మలూ సంతకాలు చేసి ఇచ్చారు. సుబ్బరత్నమ్మ కూడా, పచ్చిబాలింత, మంచం మీద నుంచే చేసింది. ఆ కాగితం వల్ల లక్ష్మీనరసమ్మ ఉద్యోగం నిలిచింది. హెచ్చరిక ఇచ్చి మడకశిర వైపు బదిలీ చేశారు. శిశువు మరణం సహజమని నివేదికలో రాశారు. మా తిమ్మప్ప కొత్త తాళం కొన్నాడు.

ఆమె అక్కడితో ఆగే మనిషైతే నేనిది రాసే పని లేదు. సెలవు పెట్టి పై చదువు చదివింది, పరీక్షలు రాసింది. 1983లో జిల్లా నర్సింగ్ అధికారిగా అనంతపురంలో కుర్చీ ఎక్కింది. జిల్లాలోని నర్సమ్మలందరికీ పైన. తనిఖీకి ఏ కేంద్రానికి పోయినా ఆమెదొకటే పద్ధతి. జీపు దిగగానే మంచినీళ్లు అడిగి రెండు గ్లాసులు తాగేది. రిజిస్టర్లు చూసేది. అరగంట కాగానే లేచి, "దొడ్డి యాడుండాది?" అని డాక్టరునే అడిగేది. చూపించలేకపోతే అక్కడే నిలబడి మెమో రాసేది. ఆమె వెనక డాక్టర్లు 'మరుగుదొడ్డి మేడమ్' అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒక పెద్ద సమావేశంలో ఎవరో అధికారి, జిల్లా కరువులో ఉంటే మీకు ఎప్పుడూ దొడ్ల గొడవేనా అని వెటకారం చేశాడట. "కరువులో ఇంటింటికీ తిరిగే ఆడోళ్లు నా మనుషులు సార్. వాళ్లు మూత్రం బిగబట్టుకోని తిరుగుతాంటే మీ కరువు పని ఎవరు చేస్తారు?" అని అడిగిందట.

ఆరో నెల దాటిన నర్సమ్మను మీటింగుకు పిలవకూడదని ఉత్తర్వు తెచ్చింది. ఆడ ఉద్యోగులను 'ఏమే' అని పిలిచిన డాక్టరు చేత క్షమాపణ రాయించింది. నాలుగేళ్లలో చాలా కేంద్రాలకు ఆడవాళ్ల కోసం వేరే దొడ్డి కట్టించింది. లోపల గడియ ఉండాలి, బయట తాళం ఉండకూడదు, ఇది ఆమె షరతు. మా దగ్గరా 1985లో కట్టారు, చక్కటి బండల కప్పుతో. తిమ్మప్ప అప్పటికి రిటైరై పోయాడు. సుబ్బరత్నమ్మ మా కేంద్రానికే నర్సమ్మల మీద సూపర్‌వైజరుగా వచ్చింది. ఆమెకు మళ్లీ పిల్లలు పుట్టలేదు.

ఇక్కడితో ముగిస్తే నాకు బాగుండేది.

1986లో వానలు మళ్లీ ఎగ్గొట్టాయి. చెలమల నీళ్లు తాగి పల్లెపల్లెకూ వాంతులు, విరేచనాలు. పై నుంచి ఉప్పూ పంచదారా కలిపిన పొడి పొట్లాలు అట్టపెట్టెల్లో దిగాయి. ఒంట్లో నీళ్లు తగ్గినవాళ్లకు పట్టడానికి. నా గది రేకుల కప్పు, కొలిమిలా ఉండేది. ఆడవాళ్ల దొడ్డి బండల కప్పు, చల్లగా ఉండేది. నాలుగు పెట్టెలు అందులో పెట్టించాను. తర్వాత మరో పది. దొంగల భయానికి బయట తాళం వేయించాను. నా చేతులతోనే. తాళంచెవి నా గదిలో మేకుకు తగిలించాను. నాలుగు రోజులే కదా అనుకున్నాను.

మరుసటి ఏడు జూన్‌లో లక్ష్మీనరసమ్మ తనిఖీకి వచ్చింది. జుట్టు నెరిసింది, గొంతు నెరవలేదు. రెండు గ్లాసులు తాగింది. రిజిస్టర్లు చూసింది. లేచి అడిగింది. అందరి కళ్లూ నా మీదికి తిరిగాయి.

"తాళంచెవి నీ దగ్గర ఉండాదా అన్నా?" ఆమె గొంతు తగ్గించి అనడం నేను విన్నది అదొక్కసారే.

తలుపు తీసి కప్పు దాకా ఉన్న పెట్టెలు చూసింది. సుబ్బరత్నమ్మ వైపు తిరిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"పోయిన శ్రావణం నుంచి అక్కా."

"పదినెలలా! మళ్లీ నీళ్లు మానేసినారా అందరూ?"

సుబ్బరత్నమ్మ తలాడించింది.

"నోరు లేదా నీకు? సూపర్‌వైజరువి, అడగలేకపోయినావా?"

"తిమ్మప్పైతే కొట్లాడేదాన్నక్కా" అంది సుబ్బరత్నమ్మ. "ఈయన మంచాయన. ఒక్కనాడు మాట అనిన మనిషి కాదు. మంచోళ్లతో ఎట్ల కొట్లాడేది?"

నాకు మెమో వచ్చింది. పొట్లాలు వేడికి గడ్డకడతాయని, చల్లటి చోటు వేరే లేదని జవాబు రాశాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. బదిలీ చేశారు. పదకొండేళ్ల కిందట అబద్ధమాడి తప్పించుకున్న బదిలీ. అది న్యాయమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

ఆ రోజు జరిగింది మాత్రం ఈనాటికీ నన్ను తింటోంది. నర్సమ్మలందరూ కలిసి పెట్టెలు బయటికి మోశారు. ఎండ మండిపోతోంది. లక్ష్మీనరసమ్మ తనే పోయి కుండలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచి తెచ్చి సుబ్బరత్నమ్మ చేతిలో పెట్టింది. సుబ్బరత్నమ్మ గ్లాసు పట్టుకుంది. నోటి దాకా ఎత్తి, ఆగి, నా మొహంలోకి చూసింది, తాగొచ్చునా అన్నట్టు.

"ఆయన తట్టు ఏం చూస్తావే?" అని అరిచింది లక్ష్మీనరసమ్మ. "తాగు!"